సినిమా లింకు నొక్కితే ఏపీకే దిగిందా? తెరవకండి

మొన్న దేవరకొండ నుంచి మా అక్క కొడుకు ఫోన్ పట్టుకొని వచ్చిండు. "మామా, కొత్త సినిమా దింపిన, ఓపెన్ అయితలేదు" అన్నడు. చూస్తే ఫైలు పేరు సినిమాదే, చివర మాత్రం ఏపీకే అని ఉంది. సినిమా ఫైలు ఎమ్‌పీ4 అనో, ఎమ్‌కేవీ అనో ముగుస్తది. ఏపీకే అంటే యాప్. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతది, మనం ఒప్పుకున్నమంటే బ్యాంకు పంపే ఓటీపీ దొంగల చేతికి పోతది. వడ్లమ్మిన పైసలు పడే ఖాతా కూడా చాలా ఇండ్లల్ల ఆ ఒక్క ఫోన్‌కే కట్టి ఉంటది, నా భయం అదే.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు డేటా, వైఫై బంద్ చేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి ఆ యాప్‌కు అనుమతి ఇచ్చి ఉంటే తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి, పిన్‌లు కూడా ఆ వేరే ఫోన్‌లోనే మార్చుకోండి. పైసలు పోయినయంటే తెల్లారేదాక ఆగొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే అవతలి ఖాతాలో పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకోటి. హాల్లో తెరను ఫోన్‌తో రికార్డు చేసి గ్రూపులల్ల పెట్టుడు పిల్లలు ఆట అనుకుంటున్నరు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద దానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, తక్కువలో తక్కువ 3 లక్షల జరిమానా. ఇంట్ల పిల్లలకు ఈ ముక్క గట్టిగనే చెప్పండి.