కలలో ఎరుక: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

లూసిడ్ డ్రీమ్ (కల కంటూనే ఇది కల అని తెలియడం) అంటే ఏమిటో, కలల నోటుబుక్కు, రియాలిటీ చెక్ (ఇది కలా, మెలకువా అని పరీక్షించుకోవడం) ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్ళ కోసం ఇది. కొన్ని వారాలు చేసినా ఫలితం కనపడకపోతే కింద మీ లక్షణం ఏదో చూసుకోండి. దానికి ముందు ఒక్క లెక్క వేయండి: నిన్న రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది, ఎన్నింటికి లేచారు? సాయం అడిగేవాళ్ళలో చాలామంది వదిలేసేది ఈ ఒక్కటే. దయచేసి ఇది చూసుకోకుండా కొత్త టెక్నిక్ జోలికి వెళ్ళకండి.

"అసలు కలలే రావట్లేదండి"

వస్తున్నాయి. కల బాగా సాగే వేళకి మీరు లేచిపోతున్నారు. నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా నడుస్తుంది. మొదటి విడతలో రెమ్ దశ (మూసిన కళ్ళు చకచకా కదిలే, కలలు బాగా వచ్చే దశ) కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారేకొద్దీ అరగంటకీ ఆపైకీ పెరుగుతుంది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో అలన్ వర్స్‌లీ నిద్రలో ఉండగానే, ముందు అనుకున్న ప్రకారం కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పి, ఇది కల అని తనకి తెలిసిందని సంకేతం ఇచ్చాడు. పరిశోధకుడు కీత్ హెర్న్ దాన్ని రికార్డు చేశాడు. అది రెమ్ దశలోనే. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్‌కి దొరికిన సంకేతాలూ అక్కడివే. పదకొండున్నరకి పడుకుని, పాలకో పొలానికో విశాఖ వెళ్ళే మొదటి బస్సుకో నాలుగున్నరకి లేస్తే మీ చేతికి వచ్చేది ఐదు గంటలు. పోయింది మామూలు రెండు గంటలు కాదు, కలలు ఎక్కువగా ఉండే రెండు గంటలు.

తొమ్మిదిన్నరకల్లా పక్క ఎక్కండి. కుదరకపోతే సెలవు రోజుల్లోనే సాధన చేయండి, మిగతా రోజులు వదిలేయండి. పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు గడియారాన్ని పట్టించుకోనక్కర్లేదు, నిద్రపట్టిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెట్టుకుంటే చాలు. షిఫ్టు మారే వారం మాత్రం ఆశ పెట్టుకోకండి.

నిద్ర సరిపోతున్నా గుర్తుండకపోతే తప్పు ఫోనుది. లేవగానే ఫోను పట్టుకుంటే కల చెదిరిపోతుంది. కళ్ళు మూసుకుని, పక్కకి కూడా తిరగకుండా ఒక నిమిషం ఉండండి. చివరి దృశ్యం నుంచి వెనక్కి వెళ్ళండి. తలదగ్గర పెట్టుకున్న నోటుబుక్కులో నాలుగైదు మాటలు చాలు: "పాత బడి, వాన, చెప్పులు పోయాయి". రోజుకి ఒక కలైనా గుర్తుండేదాకా తర్వాతి మెట్టు ఎక్కకండి.

"కలలు గుర్తుంటున్నాయి, కానీ అది కల అని తెలియట్లేదు"

రోజుకి ఇరవైసార్లు చేతివేళ్ళు చూసుకుంటున్నారు, అవునా? చూసే ముందే "మెలకువగానే ఉన్నాను" అని తీర్మానించుకుంటున్నారు. కలలోనూ అదే తీర్మానంతో చూస్తారు, అదే జవాబు వస్తుంది. చెక్కులు ఐదారుకి తగ్గించండి, ఒక్కోదానికి అరనిమిషం ఇవ్వండి. ఇక్కడికి ఎలా వచ్చాను, పది నిమిషాల క్రితం ఎక్కడున్నాను అని నిజంగా అనుమానించాలి. విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సు బోర్డు చదవండి, చూపు తిప్పండి, మళ్ళీ చదవండి. కలలో అక్షరాలు నిలబడవు, పార్వతీపురం అన్నది రెండోసారికి ఇంకేదో అవుతుంది. గంటస్తంభం గడియారంతోనూ ఇదే పని చేయొచ్చు. నోటుబుక్కులో పదేపదే కనిపించేవి, అంటే తప్పిపోయిన బస్సు, పరీక్ష, చనిపోయిన తాతగారు లాంటివి, మెలకువలో తలపుకి వచ్చిన ప్రతిసారీ చెక్ చేయండి.

"తెలిసిన క్షణంలోనే మెలకువ వచ్చేస్తోంది"

కొంతమందికి ఇది ఉత్సాహం వల్ల. కలలో చేతులు రెండూ గట్టిగా రుద్దుకోండి, గోడనో నేలనో తాకండి, ఒకే వస్తువు మీద చూపు నిలపకండి. మొదటి పది సెకన్లు ఎగరాలని చూడకండి. చాలామందికి దీంతో సరిపోతుంది.

సరిపోనివాళ్ళని ఇంకో ప్రశ్న అడగాలి: మెలకువ వచ్చాక ఏం చేశారు? జవాబు ఇలా ఉంటుంది: "లేసి సిచ్చి ఏసాను, లైటు ఎలగలేదు, కరెంటు పోయిందనుకుని మళ్ళీ తొంగున్నాను." అది మెలకువ కాదు, కలే ఇంకా నడుస్తోంది. నిద్ర లేచినట్టు కల వచ్చింది. దీన్ని దొంగమెలకువ అందాం. సాధన చేసేవాళ్ళని నెలల తరబడి ఆపేసేది ఇదే, ఎందుకంటే ఓడిపోయినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి సగం గెలుపు.

ఎందుకు వస్తుందంటే, తెల్లవారుజామున నిద్ర పల్చగా ఉంటుంది. "అయ్యో, లేచిపోతున్నాను" అన్న తలపు రాగానే కల ఆ తలపునే బొమ్మ కట్టేస్తుంది. మీ మంచం, దోమతెర, ఫ్యాను, కిటికీ అన్నీ ఉన్నచోటే ఉంటాయి, రోజూ చూసే గది కదా. మీరు లేచి, మంచినీళ్ళు తాగి, నోటుబుక్కులో కల రాసుకుంటారు కూడా. పొద్దున్న చూస్తే పేజీ ఖాళీ. ఒకదాని వెనక ఒకటి రెండు మూడు దొంగమెలకువలు రావడమూ ఉంది.

స్విచ్ వేసి చూడమని చాలాచోట్ల రాస్తారు, కలలో లైటు సరిగ్గా వెలగదు కాబట్టి. మన ఉత్తరాంధ్రలో ఈ చెక్ పనిచేయదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊళ్ళు మనవి. ఉద్దానంలో స్తంభాలు వరసగా పడిపోయాయి. లైటు వెలగకపోతే మనకి అనుమానం రాదు, "కరెంటు లేదు" అని వెంటనే సర్దుకుంటాం. పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నా సర్దుకుంటాం. అందుకని స్విచ్‌ని పూర్తిగా వదిలేయండి.

దాని బదులు ముక్కు. నోరు మూసి, రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకుని గాలి లోపలికి పీల్చండి. మెలకువలో గాలి రాదు. కలలో హాయిగా వస్తుంది, ఎందుకంటే మీరు మూసింది కలలోని ముక్కు, పక్క మీద ఉన్న అసలు ముక్కు తెరిచే ఉంది. జలుబుగా ఉన్న రోజుల్లో ఏదైనా రెండుసార్లు చదివి చూడండి.

వరస ఇదీ: మెలకువ వచ్చిందనిపించగానే కదలకండి, కళ్ళు తెరవకండి. ఇప్పుడే వదిలిన దృశ్యంలోకి మళ్ళీ అడుగుపెడుతున్నట్టు అరనిమిషం ఊహించండి, చాలాసార్లు కల తిరిగి అందుకుంటుంది. అందకపోతే చేయి నేరుగా ముక్కు మీదకి వెళ్ళాలి. నోటుబుక్కు, మంచినీళ్ళు, బాత్రూము అన్నీ ఆ తర్వాతే. ఏ రాత్రి ఎన్నిసార్లు లేచినా, పగటి కునుకు తర్వాతైనా సరే, ఇది తప్పకూడదు. నిజం మెలకువల్లో అలవాటైతేనే దొంగమెలకువలో చేయి దానంతటది లేస్తుంది. గాలి వచ్చిందా, గదిలోనే ఉండి ముందు చేతులు రుద్దుకోండి, తర్వాత తలుపు తీసుకుని బయటికి నడవండి.

"మధ్యలో లేచి పడుకుంటే నిద్రే పట్టట్లేదు"

కలలు ఎక్కువగా వచ్చే వేళని పట్టుకోవడానికి పదింటికి పడుకుని, మూడింటికి అలారంతో లేచి, కాసేపు మెలకువగా ఉండి మళ్ళీ పడుకోవడం బాగానే ఉంది. మెలకువగా ఉండే సమయాన్ని సరిచేయాలి. ముందు పది నిమిషాలతో మొదలుపెట్టండి. పడుకున్న వెంటనే ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే ఇరవై, ముప్ఫై చేయండి. నిద్ర రాకపోతే ఐదుకి దించండి, ఫోను తెర చూడకండి. అప్పుడే వచ్చిన కల తలచుకుని, ఎక్కడ గుర్తుపట్టి ఉండాల్సిందో అక్కడ గుర్తుపట్టినట్టు ఊహిస్తూ, "ఈసారి కలలో ఉన్నప్పుడు ఇది కల అని గుర్తుపడతాను" అని నిద్రపట్టేదాకా అనుకోండి. వారానికి రెండు రాత్రులు మించొద్దు. ఇంట్లో అందరూ ఒకే గదిలో పడుకుంటే అలారం వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచండి, పెద్దవాళ్ళ నిద్ర చెడగొట్టకండి.

"ఒళ్ళు కదలట్లేదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది"

దెయ్యం కాదు, నిద్ర పక్షవాతం. రెమ్‌లో కండరాలు వదులైపోతాయి, ఆ స్థితి పోకముందే మెలకువ వచ్చింది. నెమ్మదిగా ఊపిరి తీస్తూ కాలి వేలు కదపండి, కొద్దిసేపట్లో పోతుంది. వెల్లకిలా పడుకోవడం మానేస్తే తగ్గుతుంది.

మిగతావి అరుదు. రాత్రిపూట మద్యం తాగితే రెమ్ తగ్గుతుంది, మానేయండి. డిప్రెషన్‌కి వాడే మాత్రల్లో చాలావాటికీ ఆ గుణం ఉంది. వాటిని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుగారిని అడగండి. లేనివి వినిపించడం, కనిపించడం లాంటి జబ్బుకి వైద్యం జరుగుతున్నవాళ్ళు ఈ సాధన మొదలుపెట్టొద్దు. లైటు మాస్కులు, యాప్‌లు, గుళికలు ఇప్పుడే కొనకండి.