అడెనోవైరస్ మీద కాంపౌండ్ టెస్ట్ చేస్తున్నారా, ముందు ఉత్త సెల్స్ మీద వేసి చూడండి

జలుబు, కళ్ళకలక లాంటివి తెచ్చే అడెనోవైరస్‌ని ఆపే కాంపౌండ్ (మందుగా పనికొస్తుందేమో అని చూసే రసాయనం) కోసం వెతికేవాళ్ళు వైరస్ వయల్ ఫ్రీజర్‌లోంచి తియ్యకముందే ఒక పని చెయ్యాలి, ఆ కాంపౌండ్‌ని వైరస్ లేని సెల్స్ మీద వేసి చూడాలి. ఎందుకంటే ఈ వైరస్ సెల్ లోపల కూర్చుని అక్కడి సరుకుతోనే తన డీఎన్ఏ కాపీ చేసుకుంటుంది, సెల్ చచ్చిపోతే అదీ పెరగదు, మనమేమో వైరస్ తగ్గిందని సంబరపడతాం. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టే కదా! నాకు మూడు వారాలు ఇలాగే పోయాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఏ549 సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ సెల్స్) తీస్కోండి. హెక్293 (మనిషి పిండం కిడ్నీ నుంచి వచ్చిన సెల్స్) వద్దు, వాటిలో అడెనోవైరస్ 5 రకం ఈ1 జీన్స్ ముందే ఉంటాయి, మీ కాంపౌండ్ ఈ1ఏ (వాటిలో ఒకటి, వైరస్ మొదట ఆన్ చేసే జీన్) దగ్గర పనిచేసేదైతే రిజల్ట్ తికమక అయిపోతుంది. 96 వెల్ ప్లేట్‌లో (96 చిన్న గుంటలుండే ప్లేట్) సెల్స్‌ని రాత్రంతా అతుక్కోనిచ్చి 100 మైక్రోమోలార్ నుంచి ప్రతిసారీ మూడో వంతుకి తగ్గిస్తూ 8 డోసులు వెయ్యండి, డోసుకి 3 వెల్స్. డీఎంఎస్ఓ (కాంపౌండ్‌ని కరిగించే ద్రావకం) మాత్రం కాంపౌండ్ లేని వెల్స్‌తో సహా అన్నిట్లో ఒకేలా ఉండాలి, 0.5 శాతం దాటకూడదు. ఇంకోటి, వైరస్ టెస్ట్ 3 రోజులు పెడితే ఇదీ 3 రోజులే, 24 గంటలకే ఎంటీటీ (బతికున్న సెల్స్‌ని రంగుతో కొలిచే టెస్ట్) చేసేస్తే రెండిట్నీ పోల్చడానికి లేదు. సగం సెల్స్ పోయే డోసే సీసీ50.

ఇప్పుడు వైరస్. బీఎస్ఎల్-2 (రెండో స్థాయి భద్రత ఉన్న ల్యాబ్) క్యాబినెట్‌లోనే చెయ్యండి, దీనికి కొవ్వు పొర లేదు కాబట్టి ఆల్కహాల్ శానిటైజర్‌ని నమ్ముకోవద్దు, బల్ల బ్లీచ్‌తో తుడిచి చేతులు సబ్బుతో కడుక్కోండి. గంటసేపు వైరస్ పట్టించి, కడిగి, కాంపౌండ్ వెయ్యండి, పక్కన పోల్చడానికి కంట్రోల్‌గా సిడోఫోవిర్ అనే యాంటీవైరల్ మందు. రెండో మూడో రోజుకి మైక్రోస్కోప్‌లో మందు లేని వెల్స్ చూస్తే సెల్స్ ఉబ్బి గుండ్రంగా అయి ద్రాక్షగుత్తుల్లా ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. కంటితో చూసి నిర్ణయించేయొద్దు కానీ. కొత్త వైరస్ చాలావరకు సెల్ లోపలే ఉండిపోతుంది, పై మీడియం ఒక్కటే కొలిస్తే తక్కువ చూపిస్తుంది, సెల్స్‌తో సహా గీకి మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి అప్పుడు టైటర్ (సెల్స్‌కి సోకగలిగే వైరస్ ఎంతుందో) చూడండి. వైరస్ సగం తగ్గే డోసు ఈసీ50. సీసీ50ని దాంతో భాగిస్తే 10 దాటిందా, అప్పుడే ముందుకెళ్ళండి.

ఈ లెక్క మీద నాకింత పట్టుదల ఎందుకంటే బోన్ మ్యారో మార్పిడి అయిన చిన్నపిల్లలకి ఈ వైరస్ ప్రాణం మీదకి తెస్తుంది, డాక్టర్లు వాడే సిడోఫోవిరేమో కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, కిడ్నీల్ని కాపాడే ప్రోబెనెసిడ్ మందు, సెలైన్ తోడిచ్చి జాగ్రత్తగా ఎక్కించాలి. ఇంకో విషపు మందు వాళ్ళకెందుకు?

10 దాటినవాటిని వైరస్ పట్టించాక 0, 4, 8, 12, 16 గంటలకి విడివిడిగా వేసి చూడండి. డీఎన్ఏ కాపీ సుమారు 8 గంటల ప్రాంతంలో మొదలవుతుంది, అప్పుడు వేసినా పనిచేస్తోందంటే అది వైరస్ లోపలికి రాకుండా ఆపేది కాదు, తర్వాతి పని ఏదో ఆపుతోంది. అక్కణ్ణుంచి క్యూపీసీఆర్‌తో (డీఎన్ఏ ఎంతుందో కొలిచే టెస్ట్) వైరస్ జీనోమ్ కాపీలు లెక్కపెట్టండి.