అమెరికా వెళ్లిన కొత్తలో బ్యాంక్ ఖాతా తెరవడం, వాడుకోవడం ఎలా?

ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలను, ఇక్కడున్న అమ్మానాన్నలను కూడా ముందుగా పీడించే అనుమానం ఒకటే: ఎస్‌ఎస్‌ఎన్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్) లేకుండా బ్యాంక్ ఖాతా ఇస్తారా? ఇస్తారు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితేనో, సీపీటీ (చదువుతూ చేసే ఉద్యోగ శిక్షణ), ఓపీటీ (ఎక్కువగా చదువయ్యాక చేసే ఉద్యోగ శిక్షణ) వచ్చాకనో తప్ప విద్యార్థికి ఆ నంబర్ రాదు. అక్కడి నిబంధనల ప్రకారం విదేశీయుల విషయంలో పాస్‌పోర్ట్ నంబర్, అది ఇచ్చిన దేశం పేరు తీసుకున్నా బ్యాంకుకు సరిపోతుంది. కాకపోతే ఇంకేం అడగాలో ఏ బ్యాంక్ దానికదే నిర్ణయించుకుంటుంది. ఒకచోట కుదరదన్నారని టెన్షన్ పడకండి, పక్క వీధిలో ఇంకో బ్యాంక్ ఉంటుంది.

బయలుదేరే ముందు

ఖాతా చేతికొచ్చే దాకా గడవడానికి కొంత నగదు, మిగతాది ఫారెక్స్ కార్డు (ముందే డాలర్లు నింపుకునే కార్డు) మీద పెట్టుకోండి. మన నిబంధనల ప్రకారం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్ల రూపంలో తీసుకెళ్లవచ్చు. ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో బతికించి ఉంచండి. ఇక్కడి బ్యాంక్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

అసలు చిక్కు మన పేర్లతోనే. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు అమెరికా వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్లిపోయి, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. బ్యాంకులో కొత్త ఉద్యోగి దాన్నే మీ పేరనుకుని టైప్ చేస్తే డెబిట్ కార్డు మీద కూడా అదే అచ్చవుతుంది. పాస్‌పోర్ట్, వీసా, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, వీసాకు అవసరమైన పత్రం) మూడింటిలో పేరు ఎలా ఉందో ముందే చూసి పెట్టుకోండి. తేడా ఉంటే యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుతో మాట్లాడండి.

ఏ బ్యాంక్?

మొదటి ఏడాది చాలామందికి కారు ఉండదు కాబట్టి నడిచి వెళ్లగలిగే దూరంలో బ్రాంచ్, ఏటీఎం ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎఫ్‌డీఐసీ బీమా ఉందో లేదో చూడండి. బ్యాంక్ మునిగినా ఒక్కో ఖాతాదారుకు 2,50,000 డాలర్ల వరకు ఆ బీమా కాపాడుతుంది, పౌరసత్వంతో పని లేదు. యూనివర్సిటీ క్రెడిట్ యూనియన్లలో (సహకార బ్యాంకుల వంటివి) ఇదే రక్షణ ఎన్‌సీయూఏ ద్వారా ఉంటుంది. నెలవారీ చార్జీ గురించి తప్పక అడగండి. మామూలు చెకింగ్ ఖాతాలో (రోజువారీ వాడకానికి తెరిచేది) కనీస బ్యాలెన్స్ లేకపోతే నెలనెలా డబ్బు కోసేస్తారు. స్టూడెంట్ చెకింగ్‌లో చాలా బ్యాంకులు ఆ చార్జీ వేయవు.

బ్రాంచ్‌కు వెళ్లే రోజు

ఆన్‌లైన్ దరఖాస్తు చాలాసార్లు ఎస్‌ఎస్‌ఎన్ గడి దగ్గరే ఆగిపోతుంది. అపాయింట్‌మెంట్ తీసుకుని స్వయంగా వెళ్లడమే మేలు. పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఐ-20, సీబీపీ వెబ్‌సైట్ నుంచి తీసుకున్న ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు) ప్రింట్, స్టూడెంట్ ఐడీ లేదా అడ్మిషన్ లెటర్, అద్దె ఇంటి లీజు పట్టుకెళ్లండి. లీజు మీద మీ పేరు ఇంకా ఎక్కకపోతే, ఫలానా చిరునామాలో ఉంటున్నారని యూనివర్సిటీ ఇచ్చే లెటర్‌తో కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. అక్కడి ఫోన్ నంబర్ అంతకుముందే తీసుకోవాలి.

చిరునామాలో అపార్ట్‌మెంట్ నంబర్ మరిచిపోవద్దు. కార్డు వచ్చేది పోస్టులో. నంబర్ లేకపోయినా, మెయిల్‌బాక్స్‌లో మీ పేరు లేకపోయినా ఆ కవరు తిరిగి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. మెయిల్‌బాక్స్ లోపలి వైపు ఇంట్లో ఉన్న అందరి పేర్లూ రాసి చిన్న చీటీ అంటించండి.

సంతకం పెట్టే ముందు స్క్రీన్‌ను మీ వైపు తిప్పమని అడిగి, పేరు అక్షరం అక్షరం చూసుకోండి. ఇంకో రెండు విషయాల్లో తొందరపడకండి. మొదటిది పన్ను ఫారం. కొత్తగా వెళ్లిన ఎఫ్-1 విద్యార్థి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా పన్నుల లెక్కలో నాన్ రెసిడెంటే. కాబట్టి ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్. డబ్ల్యూ-9 మీద సంతకం చేస్తే అమెరికా పన్ను నివాసినని మీరే ధ్రువీకరించినట్టు అవుతుంది. రెండోది ఓవర్‌డ్రాఫ్ట్. ఖాతాలో డబ్బు లేకపోయినా కార్డు పనిచేయాలా అని అడుగుతారు. వద్దనండి. మీరు ఒప్పుకోకుండా రోజువారీ డెబిట్ కార్డు కొనుగోళ్ల మీద ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ వేయకూడదు. ఒప్పుకుంటే మాత్రం చిన్న కాఫీకి కూడా 30 డాలర్ల పైన పడే బ్యాంకులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇండియా నుంచి డబ్బు తెప్పించుకోవడం

ఇంటివాళ్లకు మీ ఖాతా నంబర్, బ్యాంక్ స్విఫ్ట్ కోడ్, బ్యాంక్‌ను గుర్తించే తొమ్మిది అంకెల రౌటింగ్ నంబర్, బ్యాంక్ చిరునామా పంపాలి. అమెరికాలో ఐబాన్ (కొన్ని దేశాల్లో వాడే అంతర్జాతీయ ఖాతా నంబర్) ఉండదు. కొన్ని బ్యాంకుల్లో వైర్‌కు (ఇండియా నుంచి వచ్చే ఇలాంటి బ్యాంక్ బదిలీకి) ఒక రౌటింగ్ నంబర్, మామూలు బదిలీలకు ఇంకొకటి ఉంటుంది. చెక్కు కింద అచ్చయిన నంబర్‌నే పంపేయకుండా వైర్ కోసం ఏది వాడాలో బ్యాంకులో అడగండి.

ఇక్కడ అమ్మానాన్నలు బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) నింపి, చదువుకు సంబంధించిన పర్పస్ కోడ్ వేయించాలి. ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద టీసీఎస్ (బ్యాంక్ ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ డబ్బు అయితే ఆ కోత లేదు. కోసిన టీసీఎస్‌ను ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే రిఫండ్ వస్తుంది.

రోజువారీ వాడకం

ఓటీపీకి అలవాటుపడిన మనకు అక్కడ కొత్తగా అనిపించేది ఇది: చాలా వెబ్‌సైట్లలో కార్డు నంబర్, గడువు తేదీ, సీవీవీ కొడితే చాలు, డబ్బు వెళ్లిపోతుంది. అందుకే యాప్‌లో ప్రతి లావాదేవీకీ అలర్ట్ పెట్టుకోండి. కార్డు పోతే రెండు పనిదినాల్లోపు చెబితే మీ మీద పడే నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యమైతే అది 500 దాకా పెరగవచ్చు. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోనూ చెప్పకపోతే ఆ తర్వాత జరిగేదానికి హద్దు ఉండదు.

పెట్రోల్ బంకులో డెబిట్ కార్డు గీస్తే కొట్టించినదానికంటే పెద్ద మొత్తాన్ని కాసేపు ఆపి ఉంచుతారు. ఖాతాలో వంద డాలర్లే ఉన్న రోజున లోపలికెళ్లి కౌంటర్‌లో ముందుగా కట్టడం నయం.

అద్దెకు చెక్కు రాయాల్సి రావచ్చు. తేదీలో నెల ముందు, రోజు తర్వాత వేస్తారు. 05/06 అంటే మే 6. 875 డాలర్ల 50 సెంట్లయితే గడిలో అంకెలు వేసి, కింద గీత మీద ఎనిమిది వందల డెబ్బై అయిదు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కనే 50/100 అని వేసి, మిగిలిన ఖాళీలో గీత కొట్టేయాలి. మెమో దగ్గర ఏ నెల అద్దో, ఏ ఫ్లాటో రాయండి.

రూమ్‌మేట్ల మధ్య లెక్కలన్నీ జెల్‌లోనే (బ్యాంక్ ఖాతాల మధ్య ఫోన్‌తో డబ్బు పంపే సేవ) తేలుతాయి. నిమిషాల్లో డబ్బు వెళ్తుంది, వెళ్లాక మాత్రం వెనక్కి రాదు. ముఖం తెలియనివాళ్లకు, చూడని ఇంటి అడ్వాన్స్‌కు దాన్ని వాడకండి.

ఒక్కటి మాత్రం అస్సలు చేయొద్దు

మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే మెసేజ్ ఇది: ‘నాకు ఇండియాలో రూపాయలు కావాలి, ఇక్కడ డాలర్లు జెల్ చేస్తాను, మంచి రేటు.’ బ్యాంక్ చార్జీ మిగులుతుంది, టీసీఎస్ ఉండదని చాలామంది ఒప్పుకుంటారు. దయచేసి ఒప్పుకోకండి. అనుమతి ఉన్న సంస్థల ద్వారా కాకుండా ఇలా విదేశీ మారకం మార్చుకోవడం మన ఫెమా చట్టం ప్రకారం తప్పు. అంతకంటే దగ్గరి ప్రమాదం, మీ ఖాతాలో పడే ఆ డాలర్లు ఎక్కడివో మీకు తెలియకపోవడం. అవి ఎవరో ముసలావిడను మోసం చేసి లాగిన డబ్బయితే పోలీసుల లెక్కలో దొంగసొమ్ము చేరింది మీ పేరు మీదే. మీ నాన్న ఇక్కడ రూపాయలు కట్టేసి ఉంటారు. అక్కడ బ్యాంక్ ఆ మొత్తాన్ని వెనక్కి లాక్కుని ఖాతా మూసేస్తుంది. అలా మూసిన సంగతి చెక్స్‌సిస్టమ్స్ వంటి సంస్థల రికార్డుల్లోకి ఎక్కితే అయిదేళ్ల దాకా వేరే బ్యాంకులు ఖాతా ఇవ్వడానికి వెనకాడతాయి. కేసు దాకా వెళ్తే వీసాకే ఎసరు. మీ కార్డునో లాగిన్‌నో ఎవరికైనా అద్దెకివ్వడమూ ఇలాంటిదే. సీనియర్ అడిగినా, ఊరివాడు అడిగినా కుదరదని చెప్పేయండి.

అమ్మానాన్నలు బీ-2 (విజిటర్ వీసా) మీద వస్తే

వాళ్లకూ కొన్ని బ్యాంకులు ఖాతా ఇస్తాయి. కానీ నాలుగైదు నెలల కోసం వస్తే ఫారెక్స్ కార్డు చాలు. ఎందుకంటే వాళ్లు ఇండియాలో పన్ను నివాసులు. విదేశీ ఖాతా ఉంటే రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపాలి, వడ్డీ కూడా చూపించాలి. ఉమ్మడి ఖాతాలో పేరు చేర్చినా ఈ సంగతి మరిచిపోకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు

విమానం ఎక్కే ముందు రోజే ఖాతా మూసేయకండి. అద్దె డిపాజిట్, ఆఖరి జీతం, పన్ను రిఫండ్ అన్నీ చేరాకే మూయాలి. ముందుగా ఆటో పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు ఆపండి. స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకుని, మిగిలిన డబ్బు ఇండియా ఖాతాకు పంపి, ఖాతా మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. పట్టించుకోకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే అందులోని డబ్బును బ్యాంక్ ఆ రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగిస్తుంది. అడిగితే తిరిగి ఇస్తారు గానీ, ఇక్కడి నుంచి కాగితాలు పంపి తెచ్చుకోవడం పెద్ద పని.