కత్తెర తడబడుతోందా? ముందు కంచం సంగతి చూడండి

సొంతంగా టైలరింగ్ షాపు పెట్టుకున్నవాళ్ళకు భోజనం బెల్లు ఉండదు. కస్టమర్ గుమ్మంలో ఉన్నంతసేపూ పనే. గుడ్డ పాడైతే ఆ డబ్బు మన చేతిలోంచే పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. చెయ్యి తప్పిందనుకున్న చాలాసార్లు, అసలు తప్పు తిండి దగ్గర దొరికింది. మీ ఇబ్బంది ఏదో కింద చూసుకోండి.

సమస్య: పదకొండు దాటేసరికి చెయ్యి వణుకు, విసుగు, కొలతలు తప్పడం

ఒక శ్రావణమాసంలో పొద్దున్నే టీ తాగి షాపు తీశాను. "రేపే గృహప్రవేశం అక్కా" అని ఒకావిడ కూర్చునే ఉంది. పన్నెండు కావస్తుండగా ఆవిడ పట్టు బ్లౌజు కటింగ్‌కి తీసుకున్నాను. చేతుల గుడ్డ రెండు పొరలూ మంచి వైపు పైకే వేసి, చంక దగ్గర ముందువైపు లోతు తీసేశాను. విడదీసి చూస్తే రెండూ కుడి చేతులే! చీరతో వచ్చిన ముక్క అది, ఇంకోటి దొరకదు. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

కారణం: ముందురోజు రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నాను. అప్పటికి 16 గంటలు, కడుపులో టీ తప్ప ఏమీ లేదు. ఆకలి మీద మనసు నిలవదు, చిన్నదానికీ చిరాకు వస్తుంది.

పరిష్కారం: టిఫిన్ తిన్నాకే షట్టర్ ఎత్తండి. పెసరట్టు, ఉడికించిన గుడ్డు మంచివి. ఇడ్లీ అయితే పల్లీ చట్నీ కాస్త ఎక్కువ వేసుకోండి. వండే తీరిక లేకపోతే రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుని ఉల్లిపాయ నంజుకున్నా చాలు. ఖరీదైన గుడ్డల కటింగ్ టిఫిన్ తర్వాతి రెండు గంటల్లో పెట్టుకోండి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తిరించాక ఏం చేయలేం.

షుగర్ మందులు వాడేవాళ్ళకు వణుకుతో పాటు చెమటలు పడితే షుగర్ పడిపోయి ఉండవచ్చు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

సమస్య: మధ్యాహ్నం మిషన్ మీదే కునుకు

ఆ వేళ కొంచెం మగత అందరికీ ఉంటుంది, ఒంటి తీరే అంత. కానీ మూడింటిదాకా ఆగి, ఆ ఆకలి మీద కంచం నిండా అన్నం తింటే అది రెట్టింపవుతుంది. ఒంటిగంటకే తినండి. ముందు కూర, పప్పు సగం తినేసి తర్వాత అన్నం కలుపుకోండి, అన్నం దానంతటదే తగ్గుతుంది. తిన్నాక పది నిమిషాలు నడవండి. "1 నుంచి 1.30 భోజనం" అని బోర్డు పెట్టాను. కస్టమర్లు పోతారని మొదట భయమేసింది. వాళ్ళే ఆ టైమ్ చూసుకుని వస్తున్నారు.

సమస్య: సాయంత్రం తలనొప్పి, మూత్రం మంట

ఇది మన ఆడవాళ్ళు బయటికి చెప్పుకోని సంగతి. షాపులో బాత్రూమ్ ఉండదు, అందుకని నీళ్ళు తాగం. పక్కన ఇస్త్రీపెట్టె వేడి, పైన రేకులు. ఒంట్లో నీళ్ళు తగ్గితే తల నొస్తుంది. మూత్రం ఆపుకుంటూ ఉంటే ఇన్ఫెక్షన్ కూడా పట్టుకుంటుంది.

మా వరసలో ఆరు షాపులం కలిసి బిల్డింగ్ ఓనర్‌ని అడిగి, వెనక తాళం వేసి ఉన్న బాత్రూమ్ తీయించుకున్నాం. శుభ్రం చేసే మనిషికి తలా కొంత వేసుకుంటున్నాం. మీరూ అడగండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తర్వాత లీటరు సీసా మిషన్ పక్కనే పెట్టుకుని భోజనానికి ముందొకటి, తర్వాత ఒకటి ఖాళీ చేయండి. ఎండాకాలం పలచటి మజ్జిగ కూడా తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఇంకా తాగాలని అర్థం. మంట తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలి.

సమస్య: నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రోజంతా నీరసం

రక్తం తక్కువగా ఉండవచ్చు. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళకు ఈ ఇబ్బంది ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 12 కంటే తక్కువ వస్తే డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు వాడాల్సిందే. తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. తోటకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

సమస్య: సీజన్‌లో అలసిపోయినా నిద్ర పట్టకపోవడం

సాయంత్రం ఆరు తర్వాత తాగే టీలే కారణం కావచ్చు. నాలుగింటికే ఆఖరి టీ ముగించండి. ఆ తర్వాత ఆకలేస్తే నువ్వుండ, వేయించిన శనగలు దగ్గర పెట్టుకోండి.

వేళకు తింటున్నా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఊరికే బరువు తగ్గడం ఉంటే షుగర్ పరీక్షకు వెళ్ళండి. నలభై దాటాక సూదిలో దారం ఎక్కకపోతే మాత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి అద్దాలు తీసుకోండి.