అటక మీది ఉద్యమ కాగితాలు: పౌరహక్కుల చరిత్రను భద్రపరిచే పద్ధతి

తెలుగు ప్రాంతాల పౌరహక్కుల చరిత్రకు ఆధారమైన కాగితాల్లో చాలా భాగం ప్రభుత్వ కార్యాలయాల్లో లేదు. లాయర్ల ఇళ్ల అటకల మీద, రిటైరైన లెక్చరర్ల బీరువాల్లో, ఒకప్పటి కార్యకర్తల ట్రంకుపెట్టెల్లో ఉంది. పోలీసు రికార్డులో ‘ఎదురుకాల్పులు’ అన్న ఒక్క మాటతో ముగిసిపోయిన ఘటన గురించి, వారం తరువాత ఆ ఊరికి వెళ్లిన నిజనిర్ధారణ బృందంలోని మనిషి తన నోటుపుస్తకంలో పది పేజీలు రాసుకుని ఉండవచ్చు. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్ల మీద 1977లో జయప్రకాశ్ నారాయణ్ నియమించిన తార్కుండే కమిటీ ఊళ్లకు వెళ్లి సేకరించింది ఇటువంటి వాంగ్మూలాలనే. ఆ తరువాతే ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేసింది. అలా ఊళ్లకు వెళ్లిన తరం ఇప్పుడు వెళ్లిపోతోంది. హక్కుల ఉద్యమ నాయకులు కె.బాలగోపాల్ 2009లో, కె.జి.కన్నబిరాన్ 2010లో కన్నుమూశారు. వారి వంటి ప్రముఖుల రచనలు కొంతవరకు అచ్చులో నిలిచాయి గానీ, జిల్లాల్లో పనిచేసినవారి కాగితాలు ఇల్లు మారినప్పుడో, సున్నం వేయించినప్పుడో పాతపేపర్ల వాడి తక్కెడలోకి వెళ్లిపోతున్నాయి. ఒక కుటుంబం గానీ, చిన్న గ్రంథాలయం గానీ, ఇద్దరు ముగ్గురు మిత్రులు గానీ అటువంటి కాగితాలను చేతికి తీసుకున్నప్పుడు ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో ఇక్కడ చెబుతాను.

మొదటి రోజు ఏమీ సర్దవద్దు

పెట్టె తెరవగానే ఉత్తరాలు ఒక పక్క, కరపత్రాలు ఒక పక్క, ఫొటోలు ఒక పక్క వేరు చేయాలన్న ఉబలాటం అందరికీ కలుగుతుంది. ఆ పని ఎంతమాత్రం చేయకూడదు. ఏ కాగితం ఏ కాగితం పక్కన ఉందన్నది కూడా సాక్ష్యమే. ఒక కట్టలో ఫుల్‌స్కేప్ కాగితం మీద సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీల నివేదిక, దానికి తుప్పు పట్టిన గుండుసూదితో గుచ్చిన ఆర్టీసీ బస్సు టికెట్టు, చివరి పేజీ వెనక పెన్సిలుతో రాసిన ఏడు పేర్లు ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే టికెట్టు చెత్త, పేర్లు అర్థంకాని రాత. కలిపి చూస్తే బృందం ఎక్కడ బస్సెక్కింది, ఎవరెవరు వెళ్లారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. నివేదికలో భద్రత కోసం ఆ పేర్లు అచ్చు వేసి ఉండరు.

కాబట్టి ముందుగా మూత తీసిన పెట్టెను పైనుంచి ఫొటో తీయాలి. ఒక్కొక్క పొర తీసినప్పుడల్లా మళ్లీ తీయాలి. కట్టలకు వరుస సంఖ్యలు వేయాలి. అవి మెత్తని పెన్సిలుతో, కాగితం వెనక మూలన, తేలికగా వేయాలి తప్ప పెన్నుతో గానీ స్కెచ్‌తో గానీ వేయకూడదు. తొలిరోజుల్లో నేను ఒక సంచీడు ఉత్తరాలను శుభ్రం చేసి, చిరిగిన కవర్లన్నీ పారేశాను. ఉత్తరాలు రాసినాయనకు తేదీ వేసే అలవాటు లేదని, తపాలా ముద్ర ఒక్కటే వాటికి తేదీ అని తరువాత తెలిసింది. ఇప్పటికీ ఆ ఉత్తరాలకు వరుస కుదరలేదు.

అదే రోజు ఒక నోటుపుస్తకంలో ఈ సంగతులు రాసిపెట్టాలి: కాగితాలు ఎవరివి, ఎవరు ఇచ్చారు, ఇంతకాలం ఎక్కడ ఉన్నాయి, మధ్యలో ఎవరైనా కొన్ని తీసుకువెళ్లారా, పోలీసు సోదాల్లో పోయినవి ఉన్నాయా. ఆ చివరి ప్రశ్న తప్పక అడగాలి. సేకరణలో రెండేళ్ల ఖాళీ కనబడితే ఆ రెండేళ్లు ఉద్యమం జరగలేదని కాదు, కాగితాలను ఎవరో పట్టుకుపోయారనో, భయంతో ఇంట్లోవాళ్లే పొయ్యిలో వేశారనో అర్థం కావచ్చు. ఇచ్చినవారితో ఒక చిన్న ఒప్పందపత్రం కూడా రాసుకోవాలి. కాగితాలు ఇచ్చేశారా, స్కాన్ చేసుకోవడానికి మాత్రమే ఇచ్చారా, ఏవి బయటపెట్టవచ్చు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఉత్తరం ఎవరి చేతిలో ఉన్నా దాని కాపీరైటు రాసినవారిదే అన్న సంగతి చాలామందికి తెలియదు. మన చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చయినవాటికి అది ఆయన మరణించిన తరువాత మరో 60 ఏళ్లు, మరణం తరువాతే తొలిసారి అచ్చయినవాటికి అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది.

తేదీ లేని కరపత్రం

ఉద్యమ సాహిత్యంలో సగానికి తేదీ ఉండదు. ‘రేపు సాయంత్రం బహిరంగసభకు తరలిరండి’ అని ఉంటుంది, అది ఏ రేపో ఉండదు. అయినా కాగితమే కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. ‘తాలూకా’, ‘(పంచాయతీ) సమితి’ అన్న మాటలుంటే 1985కు ముందుదని, ‘మండలం’ ఉంటే మండలాలు ఏర్పడిన ఆ ఏడాది తరువాతిదని ఊహించవచ్చు. అయితే పాత అలవాటు కొద్దీ తాలూకా అని రాసేవారు చాలాకాలం ఉన్నారు కనుక ఇదొక్కటే చాలదు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. కిందివైపు చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరును కత్తిరించకుండా చూసుకోవాలి. 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం అచ్చువేసిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుని పేరు, ఊరు ఉండాల్సి ఉండేది. అది లేకపోతే కావాలనే వేయలేదని గ్రహించాలి.

నిజాం పాలనకాలపు కాగితాలు తెలంగాణ ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతుంటాయి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన రెవెన్యూ సంవత్సరం, ఉంటుంది. అది అక్టోబరు తొలివారంలో మొదలవుతుంది కనుక డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే మన లెక్క వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య అందులోకే వస్తుంది. ఉర్దూ చదవగలిగిన పెద్దవారిని పక్కన పెట్టుకోకుండా ఈ కాగితాల జోలికి వెళ్లకూడదు. మీ అంచనాతో వేసిన ప్రతి తేదీనీ చదరపు బ్రాకెట్లో రాసి, ఆ అంచనాకు ఎలా వచ్చారో ఒక్క వాక్యం చేర్చాలి.

కాగితం, క్యాసెట్టు, పాత ఫైలు

తుప్పు పట్టిన పిన్నులను లాగకూడదు. కాగితాన్ని బల్ల మీద బోర్లించి, పిన్ను కాళ్లను నెమ్మదిగా పైకి లేపి, తరువాత తీయాలి. రబ్బరు బ్యాండ్లు కరిగి అతుక్కుపోయి ఉంటే బలవంతం చేయవద్దు. చిరిగినచోట సెలోటేపు వేయడం, ముఖ్యమైనదని లామినేషన్ చేయించడం రెండూ ప్రేమతో చేసే హత్యలు. టేపు జిగురు పదేళ్లలో కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది, లామినేషన్‌ను మళ్లీ విప్పలేం. ఆమ్లరహిత కాగితపు ఫోల్డర్లు హైదరాబాదు, చెన్నై వంటి నగరాల్లో దొరుకుతాయి. దొరకనప్పుడు తెల్లని నూలుబట్టలో చుట్టి, నాడాతో కట్టి, స్టీలు బీరువాలో నేలకు జానెడు ఎత్తున పెట్టడం మంచిది. పాతకాలపు దఫ్తరాలు తట్టుకుని నిలిచింది అలాగే. కలరా ఉండలు కాగితాలకు తగలకూడదు. ఫ్యాక్సు కాగితాల మీది రాత వెలిసిపోతుంది కనుక వాటిని ముందుగా స్కాన్ చేయాలి.

తడిసిన కాగితాలను ఎండలో పరచవద్దు. నీడలో ఫ్యాను గాలికి, మధ్యమధ్య అచ్చులేని తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. ఒక్కసారే అన్నీ ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక చూసుకుని కొద్దికొద్దిగా తీయవచ్చు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న అరుదైన ఉర్దూ పుస్తకాలు నీట మునిగాయి. కింది అంతస్తులో, నేలకు ఆనించి ఏ సేకరణనూ ఉంచకూడదన్న మాటకు అంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

క్యాసెట్ల విషయంలో ఆలస్యం అసలే పనికిరాదు. సభల ప్రసంగాలు, విప్లవ సాంస్కృతిక బృందం జననాట్యమండలి పాటలు, బాధితుల మాటలు ఉన్న టేపులు మరో పదేళ్లు ఆడతాయన్న నమ్మకం లేదు. ప్లేయరులో పెట్టేముందు క్యాసెట్టు అంచునున్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయాలి. అవి లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. మార్చేటప్పుడు ఎంపీ3లోకి కాకుండా, నాణ్యత తగ్గని వేవ్‌ ఫైలుగా మార్చి, అందులోంచి చిన్న ప్రతి తీసుకోవాలి. పాట మధ్యలో వచ్చే దగ్గు, జనం ఈలలు, ఎవరో పిలిచిన పేరు తీసివేయవద్దు.

1990ల తరువాతి సేకరణల్లో మరో చిక్కు ఉంది. అప్పటి పత్రికలు, నివేదికలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరులో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కంపోజ్ చేసినవి. ఇప్పటి కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. అటువంటి ఫైలును మూడు రూపాల్లో దాచాలి: అసలు ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి, కాబట్టి ఒకరు చదివి దిద్దాలి. కాగితాల స్కానింగ్‌కు 300 డీపీఐ సరిపోతుంది, చిన్న అక్షరాలున్నవాటికి 400 పెట్టుకోవచ్చు. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు అసలుప్రతిగా, పీడీఎఫ్ చదవడానికి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. స్కాన్ అయింది కదా అని కాగితాన్ని వదిలించుకునేవారికి చెప్పేది ఒక్కటే: పెన్ను ఒత్తిడి, కార్బన్ కాపీ నీలం, వెనకవైపు నుంచి కనబడే ముద్ర స్కానులో పూర్తిగా రావు.

ఎదుటిపక్షం కాగితాలూ కావాలి

హక్కుల సంఘం నివేదికతో మాత్రమే నిండిన సేకరణ అసంపూర్ణం. చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. అదే ఊళ్లో నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవశిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, రెండు తీర్పులు, ఉద్యమ కరపత్రాలు పక్కపక్కన ఉన్నప్పుడే చదివేవారికి ఆ 23 ఏళ్లలో ఏం జరిగిందో అర్థమవుతుంది. కోర్టు ప్రతుల కోసం సర్టిఫైడ్ కాపీ దరఖాస్తు పెట్టాలి, శాఖల కాగితాల కోసం 2005 నాటి సమాచారహక్కు చట్టాన్ని వాడుకోవాలి. కోర్టులు పాత రికార్డులను గడువు తీరాక ధ్వంసం చేస్తాయి కనుక జాప్యం చేయకూడదు.

పత్రికా కత్తిరింపుల మీద పత్రిక పేరు, తేదీలతో పాటు ఏ జిల్లా ఎడిషనో తప్పక రాయాలి. గ్రామాల వార్తలు జిల్లా టాబ్లాయిడ్ పేజీల్లోనే వచ్చేవి, హైదరాబాదు ఫైళ్లలో అవి కనబడవు. పాత పత్రికల కోసం 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలకు స్వయంగా వెళ్లాలి. 1985 జూలై 17 హత్యాకాండ తరువాత కారంచేడు దళితులు తలదాచుకున్న చీరాల దానికి పక్కనే ఉంది.

జాబితాలో ఊరి పేరు రాసేటప్పుడు ఘటన నాటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ వేయాలి. కారంచేడు అప్పట్లో ప్రకాశం జిల్లా, చుండూరు గుంటూరు జిల్లా; 2022 తరువాత రెండూ బాపట్ల జిల్లా. జగిత్యాల కరీంనగర్ నుంచి విడిపోయింది. వెతికేవారు ఏ పేరుతో వెతుకుతారో మనకు తెలియదు.

ఎవరు చూడవచ్చు

వరంగల్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే చంపారు. పౌరహక్కుల పనిలో ఉన్నవారికి, వారితో మాట్లాడినవారికి ఉన్న భయం ఊహ కాదు. నోటుపుస్తకంలోని సాక్షి ఇంకా అదే వీధిలో, తాను వేలు చూపినవారి ఎదురింట్లోనే ఉండి ఉండవచ్చు. అందువల్ల జాబితాను అందరికీ ఇవ్వండి, కాగితాలన్నిటినీ ఇంటర్నెట్లో పెట్టవద్దు. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం ఐపీసీ 228ఎ కింద నేరంగా ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలోనూ చట్టం అంతే కఠినం. నిషేధిత సంస్థల సాహిత్యం దొరికితే దాన్ని దాచడానికీ, పంచడానికీ తొందరపడకుండా ముందు న్యాయవాదిని అడగాలి. సాక్షి గానీ వారసులు గానీ బతికి ఉంటే వెళ్లి కలిసి, కాగితం చూపించి, అనుమతి అడగాలి. కాదంటే ఒప్పుకోవాలి.

మూసి ఉంచాల్సిన పేజీలను చింపడం, నల్లసిరాతో కొట్టివేయడం అసలు ప్రతి మీద ఎన్నడూ చేయకూడదు. ఆ పని నకలు మీద చేయాలి. అసలు పేజీని కవర్లో పెట్టి, అంటించకుండా నాడాతో కట్టి, పైన పెన్సిలుతో మూడు సంగతులు రాయాలి: ఎవరు మూశారు, ఎవరి కోరిక మీద, ఏ సంవత్సరంలో తెరవవచ్చు. ఆ కవరు ఉన్న సంగతి మాత్రం జాబితాలో అందరికీ కనబడాలి.