అమెరికా విప్లవ పాఠాన్ని ఇంట్లో తెలుగులో చెప్పే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో బడిలో ఒడియాలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ పాఠం చెప్పదలచిన పెద్దలు ముందుగా 1765 అన్న సంవత్సరాన్ని పలక మీద రాయాలి. బ్రిటిష్ పార్లమెంటు అమెరికాలోని తన వలస రాజ్యాలపై స్టాంపు పన్ను (పత్రాలు, పత్రికల వంటి కాగితాల మీద పన్ను) విధించిందీ, మన గంజాం చేరి ఉన్న ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ మొగలు పాదుషా షా ఆలం ఫర్మానా జారీ చేసిందీ ఆ ఏడే. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదని కూడా వెంటనే చెప్పాలి.

తరువాత తేయాకు దగ్గర నిదానించాలి. పన్ను వల్ల టీ ప్రియమైందని పిల్లలు అనుకుంటారు. నిజానికి బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1773 టీ చట్టంతో కంపెనీ టీ చౌకైంది, కానీ పౌను బరువు టీకి 3 పెన్నీల సుంకం అలాగే మిగిలింది. తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కు లేదన్నదే వలసవాసుల అభ్యంతరం గనుక, వారు ధరకు లొంగక, డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీని నీటిపాలు చేశారు. అది అస్సాం టీ కాదు, చైనా టీ అంటే పెద్దలు కూడా ఆశ్చర్యపోతారు.

1774లో శిక్షగా బోస్టన్ రేవును మూసివేసిన సంగతిని క్లుప్తంగా చెప్పి, 1775 ఏప్రిల్ 19న బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో బ్రిటిష్ సైనికులకూ వలసవాసులకూ మధ్య తుపాకులు పేలిన చోట పాఠం ఆపాలి. స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది మరుసటి ఏడు జూలైలో గనుక దానిని మరొక రోజుకు ఉంచుకోవాలి.