ఇంజిన్ పొగ లెక్కలు – 4వ పాఠం: రీడింగును 15 శాతం ఆక్సిజన్‌కి సవరించడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. అమెరికా నిబంధనల కింద ‘ఎమర్జెన్సీ’ అని నమోదైన డీజిల్ జనరేటర్. ఏడాదిలో కరెంటు పోయినప్పుడు 210 గంటలు, టెస్టింగ్ కోసం 62 గంటలు, ఇతర అవసరాలకు 45 గంటలు నడిచింది. ఆ హోదా నిలుస్తుందా? నిలవదు. 210ని పక్కన పెట్టండి, అత్యవసరానికి పరిమితి లేదు. టెస్టింగుకు, మెయింటెనెన్సుకు ఏడాదికి 100 గంటలు. ఇతర అవసరాలకు 50 దాకా వాడుకోవచ్చు గాని, అవి ఆ 100లోనే భాగం. చాలామంది 62, 45 దేనికది చూసి రెండూ లోపలే ఉన్నాయనుకుంటారు. కలిపితే 107. గీత దాటింది కాబట్టి ఆ ఇంజిన్‌కి ఇక మామూలు ఇంజిన్‌కి ఉండే షరతులే.

ఇప్పుడు అసలు సంగతి. పొగగొట్టంలో ప్రోబ్ (పొగను పీల్చే సన్నని గొట్టం) పెట్టారు. అనలైజర్ తెర మీద కార్బన్ మోనాక్సైడ్ 30 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 30), ఆక్సిజన్ 12 శాతం. నిబంధనేమో 23 పీపీఎం అంటుంది. అమెరికాలో ‘క్వాడ్ జెడ్’ అని పిలుచుకునే నిబంధనలో, 500 హార్స్‌పవర్ దాటిన పాత డీజిల్ ఇంజిన్లకు, ఎమర్జెన్సీవి కానివాటికి, ఉన్న పరిమితి అది. ముప్పై ఇరవైమూడు కన్నా ఎక్కువే కదా, ఫెయిలేనా?

తొందరపడకండి. ఆ 23 పక్కన ‘పొడి గాలిలో, 15 శాతం ఆక్సిజన్ దగ్గర’ అన్న ముక్క ఉంటుంది. ఈ పాఠమంతా ఆ ముక్క గురించే.

ఉప్పునీళ్లలో ఇంకో చెంబు మంచినీళ్లు పోస్తే ఉప్పదనం తగ్గుతుంది. ఉప్పు మాత్రం తగ్గదు. పొగలో గాలి కలిపినా అంతే. పరిమితి ఒట్టి పీపీఎంలో ఉంటే, పొగగొట్టానికి ఒక ఫ్యాన్ బిగించి గాలి తోలితే చాలు, ఎంత మురికి ఇంజినైనా పాసవుతుంది. నిబంధనలు రాసినవాళ్లకు ఈ ఉపాయం తెలుసు. అందుకే ఎంత గాలి కలిసిందో ఆక్సిజన్ చేతనే చెప్పిస్తారు.

బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. పొగలో 12 ఉందంటే 8.9 మండడానికి ఖర్చయిందన్నమాట. గాలి ఎక్కువ కలిసేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, పీపీఎం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి అందరినీ ఒకే ‘తేడా’ దగ్గరికి తెచ్చి పోల్చాలి. ఆ తేడా 20.9 లోంచి 15 తీసేస్తే వచ్చే 5.9.

సవరించిన విలువ = రీడింగ్ × 5.9 ÷ (20.9 − కొలిచిన ఆక్సిజన్)

మన ఇంజిన్‌కి: 30 × 5.9 ÷ 8.9 = 19.9. పాస్.

ఇప్పుడు ఫ్యాన్ ఉపాయం ఫలిస్తుందేమో చూద్దాం. పొగకు సమానంగా గాలి కలిపామనుకోండి. కార్బన్ మోనాక్సైడ్ సగమై 15కి దిగుతుంది. ఆక్సిజన్ 12కీ 20.9కీ నడిమధ్య, 16.45కి చేరుతుంది. 15 × 5.9 ÷ 4.45 = 19.9. కదల్లేదు. ఈ ఒక్క లెక్క మీ చేత్తో మీరు వేసి చూసుకోండి. సూత్రం మరిచిపోయినా దీంతో మళ్లీ రాబట్టుకోవచ్చు.

గుణకం, అంటే రీడింగును గుణించే 5.9 ÷ (20.9 − ఆక్సిజన్), ఒకటి కన్నా తక్కువే ఉండాలని లేదు. రిచ్ బర్న్ (మండడానికి సరిపడా గాలి మాత్రమే తీసుకునే) గ్యాస్ ఇంజిన్ పొగలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. 0.3 శాతం అనుకుంటే గుణకం 0.286. అంటే స్పార్క్ ఇంజిన్ల నిబంధనలోని నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) పరిమితి 82 పీపీఎం, తెర మీద 286గా కనిపిస్తుంది. అటు తక్కువ లోడు మీద నడిచే డీజిల్ పొగలో ఆక్సిజన్ 17 ఉంటే గుణకం 1.51, తెర మీద కనిపించే అంకె కన్నా అసలు లెక్క పెరుగుతుంది. రీడింగ్ చూడగానే ‘బాగానే ఉంది’ అనేసే అలవాటు అందుకే మానుకోవాలి.

15 అన్నది దేవుడిచ్చిన అంకేమీ కాదు. జర్మనీ 2002 నాటి టీఏ లుఫ్ట్ అనే గాలి కాలుష్య నిబంధన లీన్ బర్న్ (అవసరానికి మించి గాలి తీసుకునే) గ్యాస్ ఇంజిన్లకు ఘనపు మీటరుకు 500 మిల్లీగ్రాముల నాక్స్ అంది, 5 శాతం ఆక్సిజన్ దగ్గర. యూరప్ 2015లో 1 నుంచి 50 మెగావాట్ల ప్లాంట్లకు తెచ్చిన ఆదేశంలో 190, 95 అన్న అంకెలు కనిపిస్తాయి, 15 శాతం దగ్గర. చూడగానే భయంకరంగా బిగించినట్టుంటుంది. వాళ్లు 20.9కి బదులు 21 వాడతారు, కాబట్టి 500 × 6 ÷ 16 = 187.5. పాత 500, కొత్త 190 దాదాపు ఒకటే! 95 మాత్రం నిజంగా సగం. ఇంజిన్ కంపెనీల బ్రోషర్లలో ఒకదాంట్లో 250, ఇంకోదాంట్లో 95 చూసి రెండోదే మేలని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. మొదటిది 5 శాతం దగ్గర, రెండోది 15 శాతం దగ్గర అయితే రెండూ దాదాపు ఒకటే. అంకె పక్కన ఆక్సిజన్ రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

(మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే నాక్స్‌కి పీపీఎంను 2.05తో, కార్బన్ మోనాక్సైడ్‌కి 1.25తో గుణించండి. సున్నా డిగ్రీల దగ్గరి ఘనపు మీటరుకు. ఇంతకన్నా అందులో విశేషం లేదు.)

ఇక ‘పొడి గాలిలో’ అన్న మాట. మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. మీథేన్‌ని సరిపడా గాలిలో మండిస్తే పొగలో సుమారు 19 శాతం ఆవిరే. మామూలు పోర్టబుల్ అనలైజర్ పొగను చల్లార్చి నీళ్లు వడకట్టి కొలుస్తుంది, కాబట్టి అది చూపేది పొడి విలువ. వేడి లైనులో అలాగే కొలిచే పరికరాలు తడి విలువ ఇస్తాయి. తడిని పొడిగా మార్చడానికి, ఆవిరి తీసేయగా మిగిలిన భాగంతో భాగించాలి. ఆవిరి 10 శాతమైతే 0.9తో.

తడిలో కార్బన్ మోనాక్సైడ్ 20, ఆక్సిజన్ 11 అనుకుందాం. మార్చకుండా సూత్రంలో వేస్తే 11.9 వస్తుంది. రెండిటినీ మారిస్తే 22.2, 12.2 అవుతాయి, జవాబు 15.1. ఐదో వంతు తక్కువ చూపించేశాం! నేను ఇలాంటి తప్పే ఒకసారి చేశాను. కాలుష్యాన్ని మాత్రమే పొడిగా మార్చి ఆక్సిజన్‌ని వదిలేశాను. రిపోర్టు సంతకమయ్యాక పట్టుకున్నది నేను కాదు, దాన్ని ఫైలు చేస్తున్న కుర్రాడు. అప్పటినుంచి ప్రతి కాలమ్ పైనా ‘తడి’, ‘పొడి’ అని రాసుకుంటాను.

కాటలిస్ట్ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే పరికరం) బిగించిన ఇంజిన్‌కి ఇంకో దారి ఉంది. అదే నిబంధన ‘23 పీపీఎం, లేదా 70 శాతం తగ్గింపు’ అంటుంది. ముందు 100 పీపీఎం, ఆక్సిజన్ 11.5. వెనక 28 పీపీఎం, ఆక్సిజన్ 13. చూపుకి 72 శాతం తగ్గింపు. కానీ కాటలిస్ట్ ముందూ వెనకా ఆక్సిజన్ ఒకటిన్నర శాతం ఎలా పెరుగుతుంది? ఎక్కడో ఫ్లాంజి (గొట్టాల అతుకు) దగ్గర గాలి దూరుతోంది. రెండు వైపులా సవరిస్తే 62.8, 20.9 పీపీఎం. తగ్గింపు 66.7 శాతమే, ఆ దారిలో ఫెయిల్. అయితే 20.9 అన్నది 23 లోపే ఉంది కాబట్టి 23 పీపీఎం దారిలో పాస్. ‘లేదా’ అన్న చిన్న మాట మీద ఇంజిన్ గట్టెక్కింది. ఏ దారిలో లెక్క చూపుతామో మాత్రం ముందే తేల్చుకుని ఉండాలి. ఆ లీకును రాసిపెట్టి సరిచేయించడం ఎలాగూ తప్పదు.

ఒక హెచ్చరిక. గాలి కలిసినా సూత్రం మోసపోదన్నాను, అది ఒక మేరకే. ఆక్సిజన్ 19.5 చూపిస్తుంటే సూత్రంలో భాగించే అంకె 1.4 మాత్రమే. సెన్సర్ 0.3 తప్పు చూపితే అది 1.1కి పడిపోతుంది, జవాబు పావు వంతుకు పైగా పెరిగిపోతుంది. అలాంటి రీడింగు మీద లెక్క వేయడం దండగ. ముందు లీకు వెతకండి. ప్రోబ్ కొనను వేలితో మూసి చూడండి. ఫ్లో సున్నాకి పడిపోవాలి. పడకపోతే మీరు ఇంజిన్‌ని కాదు, గదిలో గాలిని కొలుస్తున్నారు.

టెస్టు మూడు రౌండ్లు, ఒక్కోటి కనీసం గంట. ప్రతి రౌండునూ విడిగా సవరించి ఆ తర్వాతే సగటు తీయండి. ముందు సగటు తీసి తర్వాత సవరిస్తే జవాబు కొద్దిగా పక్కకు పోతుంది, పరిమితి అంచున ఆ కొద్దే ప్రాణం మీదికి తెస్తుంది.

వచ్చే పాఠంలో కిలోవాట్ గంటకు గ్రాముల లెక్క. దానికి ఇంధనం ఎంత కాలిందో తెలియాలి, కాబట్టి ఇంజిన్ లాగ్‌బుక్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఈలోగా ఇవి చేసి ఉంచండి.

రిచ్ బర్న్ గ్యాస్ ఇంజిన్: నాక్స్ 300 పీపీఎం, ఆక్సిజన్ 0.4. పరిమితి 82. పాసా?

340 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్, పరిమితి 49 పీపీఎం. మూడు రౌండ్ల కార్బన్ మోనాక్సైడ్ 70, 74, 66. ఆక్సిజన్ వరుసగా 12.4, 12.9, 11.8. ఒక రౌండు గీత దాటుతుంది. అయితే టెస్టు పోయినట్టేనా?

ఒక రిపోర్టులో నాక్స్ 40, ఆక్సిజన్ 19.2, సవరించిన విలువ 139 అని ఉంది. గుణకారం సరిగ్గానే చేశారు. సంతకం పెట్టే ముందు మీరు ఏం అడుగుతారు?